గోరుచిక్కుడు గింజలు

వెంకటనారాయణ పొట్లం విసిరికొట్టాడని తర్వాత సంతంతా చెప్పుకున్నారు గానీ, నిజానికి ఆయన విసరలేదు. గోనెపట్టా అంచున నిలబడి, వంగి, గింజల డబ్బాల మధ్య ఖాళీ చూసుకుని మరీ పెట్టాడు. ఆ నిదానమే గింజలమ్మే ఖతీజాను భయపెట్టింది. కోపంతో ఊగిపోతూ వచ్చినవాడిని సముదాయించవచ్చు. ముందే తేల్చుకుని వచ్చినవాడితో ఏం మాట్లాడతాం?

"ఇది విత్తనమేనా అమ్మా?" అన్నాడు. ఆయనది పొలం గట్టు మీద నుంచి ఆవలి గట్టుకు వినపడే గొంతు. "వేసి మూడు వారాలైంది. బెండ మొలిచి మాడిపోయింది. గోరుచిక్కుడు మొలవనే లేదు. నకిలీ సరుకు అంటగట్టడానికి మా పెరడే దొరికిందా నీకు?"

బీర గింజల కోసం కొంగు పట్టి నిలబడ్డ ఆడమనిషి కొంగు దించేసింది.

నకిలీ అనే మాట గోదావరి ఒడ్డు ఊళ్లలో తేలిగ్గా తీసుకునే మాట కాదు. రెండేళ్ల కిందట మిరప చెట్లు నడుమెత్తు పెరిగి, పూత పూసి, కాయ పట్టక ఎకరాలకు ఎకరాలు పీకి గట్టున పడేసిన రైతులున్నారు. వాళ్లలో వెంకటనారాయణ ఒకడు. అప్పటినుంచి ఏది మొలవకపోయినా, ఏది వాడిపోయినా ముందు నోటికొచ్చేది ఆ మాటే. నీళ్లు, మట్టి, పురుగు వీటి వంతు ఆ తర్వాత.

"నా గింజ నకిలీ కాదయ్యా," అంది ఖతీజా. "రేపు మీ ఇంటికొచ్చి మడి చూస్త."

"చూసుకో. చూసి మొలిపిస్తావా?" అని ఆయన వెళ్లిపోయాడు.

దుమ్ముగూడెం సంతలో అది మంచి బేరం వేళ. చలి తగ్గింది. శివరాత్రి దగ్గర పడింది, దాని వెనకే రంజాన్. ఎండాకాలం కూరలకు పెరళ్లు తవ్వుకునే రోజులు ఏడాది మొత్తంలో ఈ ఆరు వారాలే. ఖతీజా ఏడాది పొడుగునా ఎండబెట్టి, చెరిగి, బూడిద కలిపి దాచిన గింజ అంతా ఈ ఆరు సంతల్లోనే పోవాలి. ఆమె డబ్బాల మీద కంపెనీ బొమ్మలుండవు, పేర్లుండవు. ఆమె ముఖమే పేరు. అత్త కాలం నుంచి 'గింజల సాయిబులు' అంటే భద్రాచలం నుంచి చర్ల దాకా ఇంకో ప్రశ్న వేసేవాళ్లు లేరు. ఇప్పుడు నలుగురు నలుగురుగా నిలబడి ఆమె వైపు చూసి ఏదో అనుకుంటున్నారు. సొర గింజ ధర అడిగిన ఒకామె, ధర విన్నాక, ఎదురుగా ప్యాకెట్లు వేలాడదీసిన దుకాణంలోకి వెళ్లింది. పొద్దు వాలకముందే ఖతీజా పట్టా మడిచేసింది.

భద్రాచలంలో ఇంటికి చేరేదాకా ఒకటే లెక్క వేసుకుంది. బెండ ఎక్కడిది? తన పెరట్లోది, మొదటి కోతకాయలు ముదరబెట్టినది. గోరుచిక్కుడు? అదీ తన పెరట్లోదే. తన చేతుల మీద పెరిగిన గింజను పట్టుకుని అంత మాటంటాడా? ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున ఆమె స్కార్ఫు కట్టుకుంటుంటే భర్త ఆజం గ్యాస్ స్టవ్ బర్నరు ఒళ్లో పెట్టుకుని సూదితో కన్నాలు పొడుస్తున్నాడు. ఇంటింటికీ తిరిగి స్టవ్వులు, కుక్కర్లు బాగుచేయడం ఆయన పని. ఆమె సంతలకు పోయిన రోజుల్లో డబ్బాలు నింపి పెట్టడం, మిద్దె మీద గింజలు తిరగెయ్యడం కూడా ఆయనే చేస్తాడు.

"పెద్దోళ్లతోని మనకెందుకు?" అన్నాడు తలెత్తకుండా. "ఆ సంత ఇడిసిపెడదాం. చర్ల ఉంది, వెంకటాపురం ఉంది."

"మాట ఆ సంతలనే ఆగుతదా? మనకన్న ముందు బస్సెక్కి పోతది."

"చూసి ఏం చేస్తవ్? మడిల ఏముంటదో ఏమో."

ఈయనకు ఎప్పుడూ భయమే అనుకుని ఖతీజా చెప్పులేసుకుంది.

వెంకటనారాయణ భార్య రాఘవమ్మ ఆమెను వాకిట్లో నిలబెట్టి మాట్లాడలేదు, నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. అరవై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పికి కాస్త పక్కకు ఒరిగి నడుస్తుంది. పెరడు చూడగానే ఖతీజాకు ముందు ముచ్చటేసింది, వెంటనే దిగులేసింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. మళ్లు తాడు పట్టి వేసినంత తిన్నగా ఉన్నాయి. మట్టిని గడ్డ మిగలకుండా చిదిమారు. గట్లు చేత్తో మెత్తారు.

రాఘవమ్మ తను చేసిందంతా చెప్పుకొచ్చింది. ఇద్దరు కూలీలతో గునపం లోతు తవ్వించింది. తుంగగడ్డలు ఒక్కొక్కటే తనే ఏరింది, పీట వేసుకుని, రోజుకో మడి. నాలుగు రోజులు మట్టిని ఎండనిచ్చింది. రెండేళ్లు మాగిన పశువుల గెత్తం తెప్పించి, మిరపకాయలు జల్లించే జల్లెడతో జల్లించి కలిపింది. ఒకసారి తడిపి, గడ్డి మొలిచేదాకా ఆగి, అదీ పీకేసి, అప్పుడు గింజ పెట్టింది.

"ఇంత ఎందుకు చేశానంటావు?" అంది. "మా చేలో మిరపకాయ నేను కూరలో వెయ్యనమ్మా. దానికి ఎన్ని మందులు కొట్టారో నాకు తెలుసు. బజార్లో కొనుక్కుంటాను. ఎవరి చేలోదో తెలియదు కాబట్టి ధైర్యంగా తింటాం." నవ్వబోయి మానేసింది. "మందు చుక్క పడని కూర ఒక్కటన్నా తిందామనుకున్నా."

ఖతీజా మోకాళ్ల మీద కూర్చుంది. బెండ మొలకలు రెండాకుల దగ్గర ఆగిపోయి, అంచుల నుంచి పసుపెక్కి ముడుచుకుపోయాయి. ఒకదాన్ని పెకలించి వేరు చూసింది. తెల్లగా, తిన్నగా దిగి ఉంది. "గింజ చెడ్డదైతే వేరు గిట్ల దిగదమ్మా," అని లేచింది. మడి మడికీ వంగి చూస్తూ చివరిదాకా నడిచింది. గోడ మూల, మెరక మీద ఉన్న చిన్న మడిలో బెండ మొలకలు ఐదారు పచ్చగా, బలంగా నిలబడి ఉన్నాయి. అదే గింజ, అదే రోజు పెట్టింది.

"ఆ మూలకి కాలవ నీళ్లు ఎక్కవు," అంది రాఘవమ్మ. "బిందెతో పోస్తాను."

ఖతీజా ఇంక మళ్లను చూడలేదు. కాలవ పట్టుకుని వెనక్కి నడిచింది. అది మళ్లన్నీ దాటి, జామచెట్టు చుట్టూ తిరిగి, బోరు కుళాయి దగ్గరి బండకు చేరింది. బండ పక్కన నీలం డ్రమ్ము బోర్లించి ఉంది, మందు కొట్టే పంపు దాని మీద ఆరేసి ఉంది. బండ చుట్టూ జానెడు మేర గడ్డిపోచ లేదు.

"అయ్యగారు ఈ నెల ఏం మందు కొట్టిండ్రమ్మా?"

"మొక్కజొన్నకి గడ్డి మందు. వారం పాటు కొట్టాడు. తర్వాత గట్లకీ కొట్టాడు." రాఘవమ్మ చెబుతూ చెబుతూనే ఆగిపోయింది. డ్రమ్ము వైపు చూసింది, కాలవ వైపు చూసింది. మెల్లగా బండ మీద కూర్చుంది. "రోజూ సాయంత్రం ఇక్కడే కడుగుతాడు. నీళ్లు ఊరికే పోతున్నాయని ఈ కాలవ నేనే తీశాను. ఎవరూ చెప్పలేదు, నేనే తీశాను."

ఖతీజాకు గెలిచినట్టే ఉంది గానీ సంతోషం రాలేదు. రాఘవమ్మ చేతులు చూస్తే జాలేసింది. గోళ్ల సందున ఇంకా మట్టి ఉంది.

రాఘవమ్మే మళ్లీ అడిగింది. "మరి గోరుచిక్కుడో? ఆ మూల మడిలో కూడా ఒక సాలు పెట్టాను. మూడే మొలిచాయి."

"చీమలు లాక్కపోయుంటయమ్మా. లేకుంటే కౌజుపిట్టలు." ఖతీజా అడగ్గానే చెప్పేసింది. అంత తొందరగా ఎందుకు చెప్పానా అని తనకే అనిపించింది.

పొలం నుంచి వచ్చిన వెంకటనారాయణకు అన్నీ చూపించింది రాఘవమ్మే. ఆయన మూల మడి చూశాడు. డ్రమ్ము చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, మళ్లీ తుడుచుకున్నాడు. "సరేలే, అయిందేదో అయింది. టీ తాగి వెళ్లు ఖతీజమ్మా," అన్నాడు.

ఖతీజా కదల్లేదు. "సంతల అన్న మాట సంతలనే వాపసు తీస్కోవాలె అయ్యా."

"అంటే? నలుగుర్లో నిలబడి, నా పెరట్లో నేనే మందు పోసుకున్నానని చెప్పాలా?"

జవాబు బండ మీద నుంచి వచ్చింది.

"చెప్పాలి," అంది రాఘవమ్మ.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రోడ్డు పక్క అడవిలో మోదుగలు విరగబూసి ఉన్నాయి. ఏటా ఆ పూత కనబడితే ఇంటికి వెళ్లి తన పెరడు పని మొదలెట్టేది. ఇప్పుడు చూస్తున్నా కళ్లకు ఆనడంలేదు. చీమలు లాక్కుపోతే మట్టి మీద పొడి కుప్పలుండాలి. కౌజులు తింటే గీరిన గుర్తులుండాలి. ఆ మూల మడి మీద రాఘవమ్మ వేళ్ల గుర్తులు తప్ప ఏమీ లేవు. తను చూసింది. చూసి కూడా చీమలంది.

ఇంటికి రాగానే గోరుచిక్కుడు డబ్బా మూత తీసి, అడుగు దాకా చెయ్యి పెట్టి పది గింజలు తీసింది. తెల్ల మల్మల్ గుడ్డ తడిపి, గింజలు వరసగా పేర్చి, చుట్ట చుట్టి, పొయ్యిగట్టు వెచ్చదనానికి దగ్గరగా గిన్నె కింద పెట్టింది. అత్త నేర్పిన పద్ధతి. ఏటా సీజను ముందు ప్రతి రకానికీ చేస్తుంది. ఈసారి బెండకు చేసింది, బీరకు చేసింది. గోరుచిక్కుడు ఎప్పుడూ తప్పకుండా మొలిచేదే కదా అని చెయ్యలేదు.

ఆజం అది చూశాడు. టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

ఆ రెండు రోజులూ ఆమె ఒకచోట కూర్చోలేదు. తన పెరట్లో తవ్విన మడినే మళ్లీ తవ్వింది. కంప తీసి కట్టిన దడినే విప్పి మళ్లీ కట్టింది. గెత్తం బుట్టలు మోస్తూ మధ్యలో చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నె ఎత్తబోయి, తీస్తే వేడి పోతుందని మానుకుని వెళ్లింది. పక్కింటి అంజుమ్ వచ్చి రంజాన్‌కు పుదీన నారు అడిగితే, పీకి ఇస్తూ ఇస్తూ ఆమె చెప్పేది వినకుండానే అవ్, అవ్ అంది. మొలుస్తాయి, మొలవక ఎక్కడికి పోతాయి అని తనకు తనే చెప్పుకుంది.

మూడో రోజు పొద్దున గుడ్డ విప్పింది.

మూడు గింజలు మొలిచాయి. ఏడు అలాగే ఉన్నాయి, నాని ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా. అది కాదు ఆమెను నిలబెట్టేసింది. ఆ ఏడు గింజల కిందా తెల్ల గుడ్డ మీద గులాబీ మరకలు. మొలిచిన మూడింటి కిందా ఏమీ లేదు.

గింజలమ్ముకునే మనిషికి ఆ రంగు గురించి ఒకరు చెప్పాలా? కంపెనీ విత్తనానికి మందు పట్టించి ఆ రంగు వేస్తారు. తినొద్దనీ, ముట్టుకుంటే చేతులు కడుక్కోమనీ సంచి మీద రాస్తారు. ఎవరో దాన్ని కడిగారు. బాగానే కడిగారు గానీ గింజ నడుమ గీతలో కొంచెం మిగిలింది.

గుడ్డ అలాగే అరచేతుల మీద పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. ఆజం స్టవ్వు పక్కన పెట్టాడు. ఆయనే చెప్పాడు.

"దసరా వానలకు నీ కాయలు కుళ్లినయ్ గద. డబ్బాల మూడో వంతు కూడ లేకుండె. నువ్వు రోజు మూత తీసి చూసుకుంట కూసుంటివి. ఖమ్మంల ఒక షాపోళ్లు తారీఖు దాటిన సంచి బయట పెట్టిండ్రు. ఊరికెనే తీస్కపొమ్మన్నరు." చేతులకంటిన మసి తుడుచుకున్నాడు. "నాలుగు నీళ్లల్ల కడిగిన. సగమన్న మొలుస్తయనుకున్న. నువ్వు సంతల ఖాళీ డబ్బ ముందట పెట్టుకుని కూసునుడు నాకు మంచిగ అనిపియ్యలె."

ఖతీజా గుడ్డను ఆయన ముందు నేల మీద పరిచింది. మోసం చేద్దామని చేసి ఉంటే ఇంట్లోంచి వెళ్లగొట్టేదేమో. ఇది ఆమె మీద ప్రేమతో చేసిన పని, అందుకే ఇంకా కోపమొచ్చింది. కాయలు ఎన్ని కుళ్లాయో తనకు తెలుసు. అయినా నిండుగా ఉన్న డబ్బా చూసి, కడుపు నిండినట్టు చూసుకుందే తప్ప, ఎట్లా నిండిందని ఒక్కసారి అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకన్నా తన మీదే ఎక్కువ మండింది.

"ఎన్ని సంతలల్ల అమ్మిన ఇది?" అంది చివరికి.

"మూడు."

ఆ సాయంత్రం డబ్బాలో మిగిలినదంతా గొయ్యి తీసి పూడ్చారు. కోళ్లు గీరకుండా ఆజం పైన బండ పెట్టాడు. చేతులు కడుక్కుంటూ, ఆమె ముఖం చూడకుండా అన్నాడు. "నువ్వు చెప్పకుంటె ఎవలికి తెలుస్తది? ఆయన సంతకొచ్చి చెప్తే నీ పేరు నీకొస్తది. ఇంక ఎన్నడు గిట్ల చెయ్య."

ఖతీజా నాలుగు రోజులు ఆ మాటను నోట్లో రాయిలా తిప్పుకుంటూ తిరిగింది. మొన్నటిదాకా వెంకటనారాయణ వస్తాడో రాడో అని బెంగ. ఇప్పుడు రాకపోతే బాగుండునని ఉంది. ఆయన రాకపోతే తను చెప్పక్కర్లేదు. చెల్లుకు చెల్లు. ఇట్లా బేరమాడుకుంటున్నందుకు ఆమెకు సిగ్గేసింది, అయినా ఆడుకుంటూనే ఉంది.

సంతకు గోరుచిక్కుడు డబ్బా తీసుకెళ్లలేదు. తన పెరటికని విడిగా కుండలో దాచుకున్న గింజ రెండు సోలలుంటే, గుడ్డలో మూటగట్టి సంచి అడుగున పెట్టుకుంది. అదెందుకో తనకే తేల్చుకోవడం చేతకాలేదు.

ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. వెనక రాఘవమ్మ ఒరిగి ఒరిగి నడుస్తూ ఉంది. పట్టా ముందు నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా, ఉల్లిగడ్డల కుప్ప వైపు చూస్తూ, అదే పెద్ద గొంతుతో చెప్పాడు.

"పోయిన వారం ఈమె గింజని నకిలీ అన్నాను. తప్పు నాది. గడ్డి మందు డ్రమ్ము కడిగిన నీళ్లు మా మళ్లలోకే పోయాయి. గింజ మంచిదే. ఎవరన్నా నా మాట విని కొనకుండా వెళ్తే, కొనుక్కోండి."

ఎవరో నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ కదలకుండా నిలబడ్డాడు. ఇంకేముంది, జనం మూగారు. బెండ ఇమ్మని ఒకరు, దోస ఇమ్మని ఒకరు, కొంగులు పట్టారు, కాగితాలు చాపారు. ఖతీజా చేతులు వాటంతట అవే కొలుస్తున్నాయి. వారం రోజులుగా తను అడిగింది ఇదే. అడిగినట్టే వచ్చింది.

"గోరుచిక్కుడు లేదా?" అని ఒకామె అడిగింది.

అయిపోయిందని చెప్పడానికి ఎంతసేపు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. రాఘవమ్మ మళ్లీ మడి తవ్వడానికి ఓపిక తెచ్చుకుని, వంగి బెండ గింజలు వేలితో కలిపి చూస్తోంది.

ఖతీజా కొలత గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది. "అయ్యా, జర ఆగుండ్రి."

వెంకటనారాయణ వెళ్లబోతూ ఆగాడు.

"బెండ మీ మందుకు పోయింది. అది నిజం. గోరుచిక్కుడు మందుకు పోలె. గింజనే మంచిది కాదు. తారీఖు దాటిన కంపెనీ గింజ మా డబ్బల కలిసింది. మా ఇంట్లనే కలిసింది. నేను చూసుకోలె, చూసుకోకుండ మూడు సంతలల్ల అమ్మిన." ఊపిరి తీసుకుంది. "కొన్నోళ్లు చెప్పుండ్రి. ఇగో, మా పెరటికని దాసుకున్న గింజ. ఉన్నంతదాక ఊరికెనే ఇస్త."

చాపిన కాగితాల్లో రెండు మూడు వెనక్కి పోయాయి. వెంకటనారాయణ చుట్టూ చూశాడు. ఆయన భుజాలు కొంచెం పైకి లేచాయి. "అంటే నేనన్నదాంట్లో సగం నిజమేగా," అన్నాడు.

"సగం నిజమే అయ్యా."

ఆయన ఇంకేదో అనబోతుంటే రాఘవమ్మ మోచెయ్యి పట్టుకుంది. జనం పలచబడ్డారు. కొందరు ఉన్నారు. బెండ కొనుక్కున్న ఒకామె పొట్లం వాపసు ఇవ్వనా వద్దా అని దాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. ఇంక అందరూ గోరుచిక్కుడు కొన్నామని మీదపడతారనుకుని ఖతీజా మూట విప్పి కూర్చుంది. ఎవరూ రాలేదు. కొని, మొలవక, అడగాలనుకున్న మనిషి ఆ సంతలో వెంకటనారాయణ ఒక్కడే కాబోలు.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలామె జరుగుతూ ముందుకొచ్చింది. అడవి లోపలి ఊరి మంగమ్మ. ఏటా ఒక సోల గోరుచిక్కుడు తప్ప ఇంకేమీ కొనని మనిషి. పట్టా ముందు గొంతుక్కూర్చుని, మూటలోని గింజలు చూడలేదు, ఖతీజా ముఖం చూసింది.

"నిజమా బిడ్డా? గింజదేనా తప్పు?"

"నిజమే పెద్దమ్మా. నాదే తప్పు. నువ్వు గూడ కొన్నవా?"

"మూడుసార్లు పెట్టిన. పెళ్లగించి మళ్ల పెట్టిన." మంగమ్మ గొంతు తగ్గించింది, ఇంకెవరూ వినకూడదన్నట్టు. "వానలల్ల మా ఆయన పోయిండు. నా చేతి చలువ ఆయనతోనే పోయిందన్నది కోడలు. ఇగ నువ్వు మడి ముట్టకే అన్నది. ఊళ్లె నారు పోసినా, గింజ పెట్టినా నన్నే పిలుస్తుండిరి ముందు. ఇప్పుడు ఎవలు పిలుస్తలేరు. నేను గూడ నిజమే అనుకున్న." అరచేతులు ముందుకు చాపి అడిగింది. "అయితె నా చెయ్యి మంచిదేనా?"

"మంచిదే," అంది ఖతీజా.

మంగమ్మ ఆమె మాట నమ్మింది. కానీ లేవలేదు. తను ఒక్కతే నమ్మి ఏం లాభమన్నట్టు అక్కడే కూర్చుంది.

సంత ఇంకా సగం కూడా కాలేదు. సీజనుకు మిగిలింది ఈ సంతా, ఇంకొకటీ. బీర గింజ కావాలని ఎవరో కాగితం చాపారు. ఖతీజా డబ్బాలకు మూతలు పెట్టడం మొదలెట్టింది.

"కోడలు ఇంట్లనే ఉంటదా ఇప్పుడు?" అని అడిగింది.